ఇంటి అలమరలోని వంటల పుస్తకాలను ఆన్‌లైన్ సూచికతో వెతకడం: సమగ్ర మార్గదర్శి

మామిడికాయ వేసి వండే చేపల పులుసు ఏదో ఒక పుస్తకంలో చదివినట్టు గుర్తుంటుంది గానీ, ఆ పుస్తకం ఏదో, ఆ పేజీ ఎక్కడో గుర్తుకు రాదు. అలమరలో నలభై పుస్తకాలూ, అమ్మ రాసిన రెండు నోటు పుస్తకాలూ, ఒక కవరు నిండా పత్రికల కత్తిరింపులూ ఉన్నా, చివరికి ఎప్పుడూ చేసే కూరే చేసి ఊరుకుంటాం. ఈ చిక్కు తీరే దారి చెప్పమని నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు నుంచి తరచుగా అడుగుతున్నారు కాబట్టి, మొదటి నుంచి చివరి దాకా వరుసగా రాస్తున్నాను.

ఇందుకు గూగుల్ ఖాతా ఉన్న ఒక స్మార్ట్‌ఫోన్ సరిపోతుంది. మొదటి రెండు రోజులకు కంప్యూటరు కూడా ఉంటే పని తేలికవుతుంది.

1. సూచిక చేసే పని ఏమిటో ముందు తెలుసుకోవాలి

సూచికలో వంట విధానం ఉండదు. ఫలానా వంట ఫలానా పుస్తకంలో, ఫలానా పేజీలో ఉందని, అందులో ముఖ్యమైన దినుసులు ఇవని మాత్రమే అది చెబుతుంది. వండేటప్పుడు పుస్తకం తీయక తప్పదు. విధానమంతా టైపు చేయాలని మొదలుపెట్టినవారు మూడో రోజుకే విసిగి వదిలేయడం నేను చాలాసార్లు చూశాను.

పుస్తకాలను బట్టి దారులు రెండు. విదేశాల్లో అచ్చయిన ఇంగ్లీషు పుస్తకాలకు ఎవరో ముందే తయారుచేసి పెట్టిన సూచికలు ఉన్నాయి. తెలుగు పుస్తకాలకు, చేతిరాత నోటు పుస్తకాలకు, కత్తిరింపులకు మాత్రం మనమే ఒక షీటు, అంటే ఫోనులో గానీ కంప్యూటరులో గానీ నింపే గళ్ల పట్టిక, తయారుచేసుకోవాలి. మన ఇళ్లలో ఎక్కువగా ఉండేవి ఈ రెండో రకమే కాబట్టి, ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దానికే కేటాయించాను.

2. అలమర ఖాళీ చేసి గుర్తులు వేయడం

పుస్తకాలన్నీ కిందికి దించి నాలుగు కుప్పలుగా వేయాలి: తెలుగు పుస్తకాలు, ఇంగ్లీషు పుస్తకాలు, నోటు పుస్తకాలు, కత్తిరింపులు. ప్రతి దానికీ ఒక చిన్న గుర్తు ఇవ్వాలి. తె-1, తె-2 అని తెలుగు వాటికి, ఇం-1 అని ఇంగ్లీషు వాటికి, నో-1 అని నోటు పుస్తకాలకు, క-1 అని కత్తిరింపుల ఫైలుకు. ఆ గుర్తును తెల్ల చీటీ మీద రాసి పుస్తకం వెన్ను మీద, నిలబెట్టినప్పుడు కనబడే చోట అంటించాలి. పుస్తకం పేరంతా షీటులో ప్రతిసారీ రాసే శ్రమ దీనితో తప్పుతుంది.

నోటు పుస్తకాల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. వాటికి పేజీ సంఖ్యలు ఉండవు. సూచిక మొదలుపెట్టకముందే ప్రతి పేజీకీ పై మూలన పెన్సిలుతో సంఖ్య వేసుకోవాలి. మా ఇంటి నోటు పుస్తకంలో మధ్య ఆకులు నాలుగు ఊడి ఎప్పుడో ఒకసారి తిరగబడి చేరాయని నాకు ఈ పని చేస్తున్నప్పుడే తెలిసింది. ఆవకాయ సగం ఒకచోట, మిగతా సగం పదిహేను పేజీల తరువాత ఉంది. ఆకులు సరిచేసిన తరువాతే సంఖ్యలు వేయాలి.

కత్తిరింపులను ప్లాస్టిక్ జేబులున్న ఫైలులో ఒక్కొక్క జేబుకు ఒకటి చొప్పున పెట్టి, జేబుకే సంఖ్య ఇస్తే చాలు.

ఈ దశ పూర్తయ్యేసరికి సరిచూసుకోవలసినవి:

- ప్రతి పుస్తకం వెన్ను మీదా గుర్తు కనబడుతున్నది.
- నోటు పుస్తకాలన్నిటికీ పేజీ సంఖ్యలు ఉన్నాయి.
- గుర్తు, పుస్తకం పేరు, రచయిత పేరు ఒక కాగితం మీద వరుసగా రాసి ఉన్నాయి.
- ఇంగ్లీషు పుస్తకాల ఐఎస్‌బీఎన్ (ప్రతి పుస్తకానికీ విడిగా ఇచ్చే గుర్తింపు) సంఖ్యలు కూడా రాసి ఉన్నాయి.

ఐఎస్‌బీఎన్ వెనుక అట్ట మీద చారల గుర్తు దగ్గర ఉంటుంది. 2007 జనవరి నుంచి అది 13 అంకెల సంఖ్య. అంతకు ముందు వచ్చిన పుస్తకాల్లో 10 అంకెలే ఉంటాయి. 978 తరువాత 81 గానీ 93 గానీ ఉంటే ఆ పుస్తకం మన దేశపు ప్రచురణ సంస్థదని అర్థం. పాత తెలుగు పుస్తకాల్లో చాలావాటికి ఈ సంఖ్యే ఉండదు, దాని కోసం వెతికి సమయం పోగొట్టుకోవద్దు.

3. ఇంగ్లీషు పుస్తకాలకు సిద్ధంగా ఉన్న సూచిక

ఈ పనికి పేరున్న వెబ్‌సైటు ఈట్ యువర్ బుక్స్. అందులో ఖాతా తెరిచి, మన దగ్గర ఉన్న పుస్తకాలను పేరుతోనో ఐఎస్‌బీఎన్‌తోనో వెతికి మన అలమరలో చేర్చుకుంటే, ఆ తరువాత చేసే వెతుకులాటను ఆ పుస్తకాలకే పరిమితం చేయవచ్చు. దినుసు పేరు కొడితే ఏ పుస్తకంలో ఏ వంటలో అది ఉందో వస్తుంది. ఉప్పు, నూనె, మిరియాలు వంటి నిత్యం ఇంట్లో ఉండేవాటిని అది సాధారణంగా సూచికలో చేర్చదు.

ఉచిత ఖాతాలో చేర్చగల పుస్తకాల సంఖ్యకు పరిమితి ఉంటుంది కాబట్టి, డబ్బు కట్టే ముందు మీరు ఎక్కువగా వాడే రెండు మూడు పుస్తకాలను చేర్చి చూడాలి. చూడవలసింది ఒక్కటే: ఆ పుస్తకానికి నిజంగా సూచిక తయారై ఉందా, లేక పేరు మాత్రమే ఉందా? పేరు ఉన్నంత మాత్రాన లోపలి వంటలు వెతుకులాటలో రావు. చాలామంది ఇక్కడే మోసపోయి, "నా పుస్తకంలో వంకాయ వంటే లేదట" అని అనుకుంటారు.

రెండో చిక్కు పేర్లది. మనం ఇంగ్లీషులో బ్రింజాల్ అంటాం. అమెరికా పుస్తకం ఎగ్‌ప్లాంట్ అంటుంది, బ్రిటన్ పుస్తకం ఆబర్జీన్ అంటుంది. బెండకాయను లేడీస్ ఫింగర్ అని కొట్టి ఏమీ రాకపోతే ఓక్రా అని కొట్టాలి. రొయ్యకు ప్రాన్, ష్రింప్ రెండూ ప్రయత్నించాలి. శనగపిండికి బేసన్, గ్రామ్ ఫ్లోర్, చిక్‌పీ ఫ్లోర్ అని మూడు పేర్లున్నాయి.

గోంగూర దగ్గర మాత్రం ఇంకొంచెం మెలకువ కావాలి. మన దేశపు ఇంగ్లీషు పుస్తకాల్లో గోంగూరను సోరెల్ అని రాస్తారు. ఐరోపా పుస్తకాల్లో సోరెల్ అంటే మన చుక్కకూర జాతి ఆకు. కరీబియన్ పుస్తకాల్లో అదే మాట ఎర్ర గోంగూర జాతి పూరేకుల కింది ఎర్రటి తొడిమలతో చేసే పానీయానికి వాడతారు. మూడింటిలోనూ పులుపు ఉన్నా వంట ఒకటి కాదు. అందువల్ల సోరెల్ అని వచ్చిన ఫలితాన్ని పుస్తకం ఏ దేశానిదో చూశాకే నమ్మాలి.

4. పేర్ల పట్టిక: అన్నిటికంటే ముందు చేయవలసిన పని

తెలుగు సూచిక పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. పుస్తకంలో ఉన్న మాటను ఉన్నట్టే ఎక్కించుకుంటూ పోతే, ఒకే దినుసు ఐదు పేర్లతో చేరి, మీరు వెతికిన పేరుతో ఉన్న ఐదో వంతు మాత్రమే బయటికి వస్తుంది. కృష్ణా జిల్లా రచయిత్రి, రాయలసీమ రచయిత్రి, మన నెల్లూరు అమ్మ నోటు పుస్తకం, ముగ్గురూ ఒకే దినుసును ఒకే పేరుతో పిలవరు.

కాబట్టి షీటు తెరవక ముందే ఒక కాగితం మీద పేర్ల పట్టిక రాసుకోవాలి. ఎడమ వైపు మీరు సూచికలో వాడబోయే ఒకే ఒక్క పేరు, కుడి వైపు పుస్తకాల్లో కనబడే మిగతా పేర్లు. నా పట్టికలో కొంత భాగం ఇది:

- ఉల్లిపాయ: ఎర్రగడ్డ, నీరుల్లి
- వెల్లుల్లి: తెల్లగడ్డ, ఎల్లిపాయ
- బంగాళాదుంప: ఉర్లగడ్డ, ఆలూ
- వేరుశనగ: చెనిక్కాయలు, పల్లీలు, బుడ్డలు
- సొరకాయ: ఆనపకాయ
- టమాటా: టమోటా, టమాటో, తమాటా, రామములగ
- ధనియాలు: దనియాలు
- శనగపప్పు: సెనగపప్పు, శెనగపప్పు
- పులిబొంగరాలు: గుంత పొంగనాలు

ఇంట్లో ఎర్రగడ్డ అనే నేను సూచికలో ఉల్లిపాయ అని ఎందుకు పెట్టుకున్నానంటే, అచ్చు పుస్తకాల్లో ఎక్కువగా ఉన్న మాట అది. పులిబొంగరాల దగ్గర మాత్రం మన మాటనే ఉంచుకున్నాను. ఏ పేరు ఎంచుకున్నా తప్పు లేదు, ఒకటే ఎంచుకోవాలి, అంతే.

సొరకాయ దగ్గర ఆగి చూడాలి. గోదావరి, ఉత్తరాంధ్ర పుస్తకాల్లో ఆనపకాయ అంటే సొరకాయ. చిత్తూరు, రాయలసీమ వైపు అనపకాయ అంటే గింజలు ఒలిచి పులుసు పెట్టుకునే చిక్కుడు జాతి కాయ. అచ్చులో అ, ఆ తేడా ఒక్క దీర్ఘమే. వంట విధానంలో "గింజలు ఒలిచి" అని ఉందా, "చెక్కు తీసి ముక్కలు కోసి" అని ఉందా చూసుకుని ఎక్కించాలి.

చేపల విషయంలో ఇంకొక నియమం పెట్టుకోవాలి. పుస్తకంలో వంజరం, కొరమీను, శీలావతి, బొచ్చె, చందువ అని జాతి పేరు మాత్రమే ఉంటుంది. మైపాడు సముద్రతీరం నుంచి ఏ చేప వచ్చిందో తెలియని రోజున మీరు "చేప" అని వెతుకుతారు, అప్పుడు ఇవేవీ రావు. కాబట్టి జాతి పేరు పక్కన సమూహం పేరు కూడా రాయాలి: "చేప, వంజరం". అలాగే "ఆకుకూర, చుక్కకూర", "దుంప, చేమదుంప".

చివరగా, పాత పుస్తకాల్లో బండి ఱ కనబడుతుంది: చెఱకు, మిఱపకాయ. సూచికలో చెరకు, మిరపకాయ అని మామూలు ర తోనే రాసుకోవాలి.

5. షీటు తయారీ

గూగుల్ షీట్స్‌లో కొత్త షీటు తెరిచి, మొదటి వరుసలో ఈ శీర్షికలు రాయాలి: వంట పేరు, వేరే పేరు, దినుసులు, రకం, గుర్తు, పేజీ, మా మాట.

"రకం" అంటే పచ్చడి, పులుసు, వేపుడు, పప్పు, పొడి, పిండివంట, టిఫిను వంటివి. ఇవి పదికి మించకుండా చూసుకోవాలి. "మా మాట" అనే గడిలో వండిన తరువాత అనుభవం రాసుకోవాలి: "చింతపండు సగం చాలు", "అత్తమ్మకు నచ్చింది", "మళ్లీ వద్దు". ఏళ్లు గడిచేకొద్దీ ఈ గడే అన్నిటికంటే విలువైనదని మీకే తెలుస్తుంది.

మొదటి వరుసను వ్యూ మెనూలోని ఫ్రీజ్‌తో స్థిరపరచాలి. పేజీ నిలువు వరుసను ఫార్మాట్ మెనూలో ప్లెయిన్ టెక్స్ట్‌గా మార్చాలి. ఇది చేయకపోతే, మీరు పేజీలు 10-12 అని రాయగానే షీటు దాన్ని తేదీగా మార్చేస్తుంది; పులిహోర పేజీ అడిగితే డిసెంబరు అని చెబుతుంది.

ఇంకొక చిన్న ఏర్పాటు. రెండు దినుసులు కలిసి ఉన్న వంట వెతకాలంటే, ఫిల్టర్‌లో (అడిగిన వరుసలను మాత్రమే చూపే ఏర్పాటులో) ఒక నిలువు వరుసకు ఒక షరతే పెట్టగలం. దీనికి ఉపాయంగా, చివర "దినుసులు-2" అనే నిలువు వరుస చేర్చి, ప్రతి గడిలోనూ సమం గుర్తు పెట్టి దినుసుల గడిని నొక్కితే, అదే పాఠం అక్కడా కనబడుతుంది. ఇప్పుడు ఒక నిలువు వరుసలో ఒక దినుసు, రెండో నిలువు వరుసలో ఇంకొక దినుసు అడగవచ్చు.

6. ఎక్కించే క్రమం

మీరు ఎక్కువగా తెరిచే పుస్తకంతో మొదలుపెట్టాలి, అలమరలో మొదట ఉన్నదానితో కాదు. ఒక సాయంత్రానికి ఒక పుస్తకం కంటే ఎక్కువ పెట్టుకోవద్దు. ఎప్పటికీ వండరని తెలిసిన వంటలను వదిలేయవచ్చు.

తెలుగు పుస్తకాల్లో ముందు విషయసూచిక ఉంటుంది గానీ, వెనుక దినుసుల వారీ సూచిక ఉండడం అరుదు. విషయసూచిక పేజీలను ఫోనుతో ఫోటో తీసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, ఆ ఫోటోను గూగుల్ డాక్స్‌తో తెరిస్తే తెలుగు అక్షరాలు టైపు చేసిన పాఠంగా వస్తాయి. వంటల పేర్లూ పేజీ సంఖ్యలూ ఇలా ఒకేసారి దొరుకుతాయి. ధ, థ దగ్గర, ప, ష, వ దగ్గర తప్పులు పడుతుంటాయి కాబట్టి ఒకసారి చదివి దిద్దాలి. చేతిరాతకు ఈ పద్ధతి పనికిరాదు.

దినుసులకు నోటి టైపింగే మేలు. ఒక చేత్తో పుస్తకం పట్టుకుని, ఫోను కీబోర్డులో తెలుగు మైకు నొక్కి "వంకాయ, నువ్వులు, చింతపండు, బెల్లం" అని చదువుతూ పోవచ్చు. ప్రతి వంటకూ నాలుగు నుంచి ఆరు దినుసులు చాలు. ఉప్పు, నూనె, పసుపు, తాలింపు గింజలు రాయవద్దు. అన్నిటిలోనూ ఉండేది వెతుకులాటకు ఉపయోగపడదు. ఆ దినుసు లేకపోతే ఆ వంట కాదు అనిపించేదే రాయాలి.

పాత నోటు పుస్తకాల్లో సోల, గిద్దె, పడి వంటి కొలతలుంటే, "మా మాట" గడిలో ఆ విషయం రాసి పెట్టుకోవాలి. నాలుగు గిద్దెలు ఒక సోల అన్న లెక్క తెలిసినా, ఆ ఇంటి సోల ఎంతో ఆ ఇంటికే తెలుసు. ఆ గిన్నె ఇంకా ఉంటే నీళ్లతో కొలిచి మిల్లీలీటర్లలో రాయడం మంచిది.

7. వెతకడం: ఒక ఉదాహరణ

ఇంట్లో వంజరం ముక్కలు, రెండు పచ్చి మామిడికాయలు ఉన్నాయనుకుందాం.

మొదట డేటా మెనూలో క్రియేట్ ఎ ఫిల్టర్ నొక్కాలి. దినుసుల శీర్షిక పక్కన వచ్చిన గుర్తు నొక్కి, ఫిల్టర్ బై కండిషన్‌లో టెక్స్ట్ కంటైన్స్ ఎంచుకుని "చేప" అని రాయాలి. తరువాత దినుసులు-2 దగ్గర అదే విధంగా "మామిడి" అని రాయాలి. మిగిలిన వరుసలే మీకు కావలసిన వంటలు. గుర్తు, పేజీ చూసి పుస్తకం తీయడమే.

ఇక్కడ "మామిడికాయ" అని కాకుండా "మామిడి" అని ఎందుకు రాశామో గమనించాలి. తెలుగులో మాటలు ఒకదానితో ఒకటి కలిసినప్పుడు చివర మారిపోతుంది. "అల్లం" అని వెతికితే "అల్లప్పచ్చడి" రాదు, ఎందుకంటే అందులో సున్న లేదు. "అల్ల" అని వెతికితే రెండూ వస్తాయి. "బెల్లం" బదులు "బెల్ల", "కారం" బదులు "కార" వాడాలి.

మాట ముందు భాగంలోనూ ఇదే చిక్కు ఉంది. "ఉల్లి" అని వెతికితే "నీరుల్లి" దొరకదు. మనకు చెవికి వినబడే ఉకారం అక్కడ రాతలో రు కొమ్ముగా మారిపోయింది. యంత్రానికి ఆ ఉ, ఈ కొమ్ము రెండు వేర్వేరు అక్షరాలు. పేర్ల పట్టిక పాటిస్తే ఈ ఇబ్బంది రాదు.

అతిగా వచ్చే ఫలితాలు ఇంకొక రకం బాధ. "పప్పు" అని వెతికితే కందిపప్పుతో పాటు జీడిపప్పు వేసిన మిఠాయిలన్నీ వస్తాయి. అప్పుడు రకం నిలువు వరుసలో "పప్పు" అని ఎంచుకుంటే వడపోత సరిగా జరుగుతుంది.

8. తరచుగా జరిగే పొరపాట్లు, వాటి సవరణలు

*వరుసలు కలగాపులగం కావడం.* వంటల పేర్లను అకారాది క్రమంలో పెడదామని నేను ఒకసారి మొదటి నిలువు వరుసను మాత్రమే ఎంచుకుని సార్ట్ చేశాను. పేర్లు కదిలాయి, పేజీలు కదలలేదు. మలై కాజా వెతికితే నాటుకోడి పులుసు పేజీ చూపించింది. నాలుగు రోజుల తరువాత గానీ నాకు తెలియలేదు. ఫైల్ మెనూలో వెర్షన్ హిస్టరీ తెరిచి, సార్ట్ చేయకముందు నాటి రూపాన్ని తిరిగి తెచ్చుకున్నాను. ఆ నాలుగు రోజుల్లో ఎక్కించినవి మళ్లీ ఎక్కించవలసి వచ్చింది. సార్ట్ ఎప్పుడూ ఫిల్టర్ గుర్తు ద్వారానే చేయాలి, అప్పుడు వరుస మొత్తం కలిసి కదులుతుంది.

*ఉన్న మాటే దొరకకపోవడం.* బీట్‌రూట్ అనే మాటను మూడు విధాలుగా రాయవచ్చు: ట కింద రావత్తు పడి బీట్రూట్ అని, పొల్లుతో విడదీసి బీట్‌రూట్ అని, ఖాళీ వదిలి బీట్ రూట్ అని. పొల్లు దగ్గర కంటికి కనబడని ఒక విడదీత గుర్తు ఉంటుంది, వెతుకులాటకు అది అడ్డుపడుతుంది. ఇలాంటి మాటలకు "బీట్" వరకే వెతకాలి, లేదా ఫైండ్ అండ్ రీప్లేస్‌తో అన్నిటినీ ఒకే రూపంలోకి మార్చాలి.

*షీటు ఖాళీ అయిందని కంగారు పడడం.* ఇంట్లో ఒకరు ఫిల్టర్ పెట్టి వదిలేస్తే, అదే షీటు తెరిచిన మిగతావారికి కూడా మిగిలిన వరుసలు కనబడవు. ఫిల్టర్ తీసేస్తే అన్నీ తిరిగి వస్తాయి. కంప్యూటరులో అయితే ఫిల్టర్ వ్యూ వాడితే ఎవరి వెతుకులాట వారిదే అవుతుంది.

*పాత డీటీపీ ఫైలు నుంచి అతికించడం.* అచ్చు పనికి వాడే "అను" అనే పాత తెలుగు ఫాంట్లలో టైపు చేసిన పాఠాన్ని షీటులో అతికిస్తే అర్థం లేని గుర్తులు వస్తాయి. ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ చదవగల యూనికోడ్ పద్ధతిలోకి మార్చి అతికించాలి. పది పేర్లే ఉంటే మళ్లీ టైపు చేయడమే నయం.

9. ఇంట్లో అందరికీ అందేలా పెట్టడం

షేర్ నొక్కి ఇంట్లోవారి ఖాతాలు చేర్చేటప్పుడు, ఎక్కించే ఇద్దరికి మాత్రమే ఎడిటర్ అనుమతి, మిగతావారికి వ్యూయర్ అనుమతి ఇవ్వాలి. పుస్తకాల పేజీల ఫోటోలను మాత్రం ఈ షీటుతో పాటు బయటివారికి పంచవద్దు. రచయితల హక్కు వారిది.

వంటింట్లో సిగ్నల్ అందని ఇళ్లవారు, ఫోనులోని షీట్స్ యాప్‌లో ఆ షీటు పక్కన మూడు చుక్కలు నొక్కి ఆఫ్‌లైన్‌లో దొరికేలా పెట్టుకోవాలి. కొత్త పుస్తకం ఇంటికి వచ్చిన రోజునే గుర్తు చీటీ అంటించి, నచ్చిన పది వంటలైనా ఎక్కించి, ఆ తరువాతే దాన్ని అలమరలో పెట్టాలి.